క్లోమరోగ పరిశోధనము – మన కర్తవ్యము

(తెనాలి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి కొన్ని మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము 1982 మొదలు 2018 వఱకు రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతముల పాఠశాలలయందు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి నొందినవారము. మా పరిచయమంతయు విభక్తులతోడను సమాసములతోడనే గాని వైద్యశాస్త్రముతో గాదు. అయినను నేడు మేము మాటాడ నెంచుకొన్న విషయము క్లోమమను నవయవము, దానికి వచ్చు వ్యాధి, ఆ వ్యాధిని గూర్చి మన తెలుగుదేశమున జరిగిన పరిశోధనము. వ్యాకరణము చెప్పుకొను పంతులునకు వైద్యముతో నేమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆ పని మా కెట్లు కలిగినదో ముందు ముందు తెలియగలదు. మేమొక విద్యార్థికి ఋణపడియున్నాము. ఆ ఋణమును మీ యెదుట నొప్పుకొని, దానిలో కొంత భాగమైనను మీ సాయమున దీర్చుకొనవలెనని మా కోరిక.

మొదట పదమును విచారింతము. అది మాకు దెలిసిన పని. అమరకోశమున మనుష్యవర్గమందు క్లోమమను పదము కలదు. దానికి తిలకమని పర్యాయము. చరకసుశ్రుతులు ఉదకవహ స్రోతస్సులకు తాలువును క్లోమమును మూలములని చెప్పిరి; అనగా దప్పికతో సంబంధము గల స్థానమని తాత్పర్యము. ఆ క్లోమము శరీరమున నేయవయవమో యను విషయమున వ్యాఖ్యాతలకు గాని, నేటి పండితులకు గాని ఏకాభిప్రాయము లేదు. పాశ్చాత్యులు పాన్‌క్రియాస్ అని పిలుచు గ్రంథికి మన తెలుగు పాఠ్యపుస్తకములవారు ఈ పాతపదమును వాడుకచేసిరి. హిందీవారు అగ్న్యాశయ మనిరి. గ్రీకుభాషలో ఆ పేరునకు ‘అంతయు మాంసమే’ యని యర్థము. ఎముకగాని మృదులాస్థిగాని లేని ముద్దవలె కనబడుటచే వారా పేరిడిరి.

ఈ గ్రంథి చెడినచో మధుమేహము కలుగును, మధుమేహమున దప్పిక హెచ్చును, కావున మన ఋషులకు ఇన్సులిను సంగతి తెలిసియే యుండెనని కొందఱు సభలలో చెప్పుచుందురు. మేము సంస్కృతాభిమానులమే, ఆ యన్నము తిని బ్రదికినవారమే. అయినను ఆ మాటను అంగీకరింపజాలము. పదము మాత్రము పాతది. ఆ గ్రంథి చేయు పనులను గూర్చిన జ్ఞానము గడచిన మూడునాలుగు వందల యేండ్లలో, అనేకుల శ్రమచేత, కొంచెము కొంచెముగ సమకూడినది. 1642లో పాడువా నగరమున విర్సుంగు అను నతడు ఈ గ్రంథి నడుమ నొక నాళ మున్నదని కనుగొనెను. 1869లో లాంగర్‌హాన్స్ అను విద్యార్థి సూక్ష్మదర్శినితో చూచి, దానిలో ద్వీపములవలె చెదరియున్న కణసమూహములను వర్ణించెను. 1889లో స్ట్రాస్‌బర్గునందు మింకోవ్‌స్కీ, మెరింగు అను నిరువురు ఒక కుక్కకు ఈ గ్రంథిని తీసివేయగా దానికి మధుమేహము వచ్చినది. 1921లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఆ ద్వీపముల రసమును వేఱుచేసి కుక్కలకు ఎక్కించి చూచిరి. బాంటింగు వృత్తిచే శస్త్రవైద్యుడు. పెట్టుకొన్న వైద్యశాల సాగక, ఆదాయము చాలక, మనస్సున దొలుచుచున్న యొక ప్రశ్నను వెంటబెట్టుకొని టొరాంటోకు బోయెను. అప్పటి కతని ప్రాయము ఇరువది తొమ్మిదేండ్లు. ఈ సంఖ్యను మీరు జ్ఞాపకముంచుకొన వేడుచున్నాము.

ఈ గ్రంథి జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డముగ పరుండియుండును. పొడవు జానెడునకు మించదు. బరువు నూఱు గ్రాములకు లోపు. ఇది రెండు పనులు చేయును. ఇన్సులిను మొదలగు రసములను రక్తమున గలుపుట యొకటి. దినమునకు సుమారు లీటరు, లీటరున్నర జీర్ణరసమును నాళముగుండ చిన్నప్రేవులోనికి పంపుట రెండవది. అన్నములోని పిండిపదార్థమును, పప్పులోని మాంసకృత్తును, నేతిలోని క్రొవ్వును విడదీయునది ఆ రసమే. మనము కృష్ణాకాలువల క్రింద బ్రదుకువారము గనుక మనకు పోలిక చెప్పుట సులభము. క్లోమము ఒక చెఱువు, దాని నాళము ఒక కాలువ, ఆ కాలువ చివర తూము, తూమునకు దిగువ చేలు. నీరు చేలకు బారినపుడే పంట; తూము మూసికొని నీరు వెనుకకు దన్నినచో కట్ట తెగి చెఱువునకే మోసము.

ఇందొక చిత్రము గలదు. మాంసమును జీర్ణముచేయు రసము, తాను పుట్టిన మాంసపుముద్దను ఏల జీర్ణము చేసికొనదు? దీనికి ప్రకృతి రెండు కట్టుబాట్లు చేసినది. ట్రిప్సిను అను నా తీక్ష్ణద్రవ్యము గ్రంథిలో నిద్రాణముగ నుండును. చిన్నప్రేవులోనికి వచ్చినపిదప అచ్చటి ఎంటరోకైనేసు అను మఱియొక ద్రవ్యము దానిని మేల్కొలుపును. ఒకవేళ గ్రంథిలోనే కొంత ముందుగ మేల్కొనెనా, దానిని పట్టి బంధించుటకు కావలివాడొక డుండును. వానిని నేటి శాస్త్రజ్ఞులు స్పింక్-1 అని పిలుచుచున్నారు. కావలివాడు దుర్బలుడైనచో రసము తన యింటినే కాల్చుకొనును. అదియే క్లోమశోథము. అది మాటిమాటికి వచ్చి గ్రంథి ఎండి గట్టిపడి, నాళమున సున్నపురాళ్లు పేరుకొన్నచో దానిని దీర్ఘకాలిక క్లోమశోథ మందురు.

పాశ్చాత్యదేశములలో ఈ దీర్ఘరోగమునకు మద్యపానము ప్రధానకారణమని ఎఱుగుదురు. పొగత్రాగుట దానికి తోడగును. మన దేశమునందును అట్టి రోగులకు కొదువలేదు. మన సోదరులలో ఈ రెండలవాట్లు గలవారు ఈ మాట వినిన చాలును. కాని ఉష్ణదేశములలో ఏ మద్యమునెఱుగని బాలబాలికలకును ఈ వ్యాధి కలుగుచున్నదని 1959లో జూయిడెమా అను వైద్యుడు ఇండోనేషియానుండి వ్రాసెను. ఆ పిదప కేరళమున గీవర్గీస్ అను వైద్యుడు వందలకొలది రోగులను పరీక్షించి 1968లో ఒక గ్రంథమునే ప్రకటించెను. వారు చూచిన రోగగతి యిది: చిన్నతనమున కడుపుశూల, యౌవనము వచ్చునప్పటికి మధుమేహము, పిదప శరీరము శుష్కించి అకాలమున మరణము. నిరుపేద లైనందున, కఱ్ఱపెండలము తినుటచేత ఈ వ్యాధి వచ్చుచున్నదని చిరకాలము తలచిరి. కాని కఱ్ఱపెండలము తినని ప్రాంతములందును, కడుపునిండ తినువారియందును ఈ వ్యాధి కనబడుచుండుటచే ఆ సిద్ధాంతము నిలువలేదు.

ఇక మా ఋణము సంగతి. 1988లో మేము రేపల్లెకు దక్షిణముగ కాలువ చివర నున్న యొక గ్రామపు ఉన్నతపాఠశాలలో పనిచేయుచుంటిమి. తొమ్మిదవ తరగతిలో పదునాలుగేండ్ల బాలు డొకడుండెను. మన కులమువాడే. తండ్రికి రెండెకరముల మాగాణి. బాలుడు సన్నగా, పొడుగుగా ఉండి, శబ్దములు వల్లించుటలో తరగతికంతకు మేటి. రామశబ్దము చెప్పుమన్నచో తడుముకొనక ఇరువదినాలుగు రూపములు చెప్పెడివాడు. వారమున రెండుదినములు బడికి రాడు. ఏమిరా యని యడిగిన ‘కడుపులో నొప్పండి మాస్టారూ’ అనును. తరగతిలో నున్నప్పుడును ఒక్కొక్కప్పుడు బల్లపై ముందుకు వంగి, మోకాళ్లు పొట్టకు ఆనించుకొని కూర్చుండును. మేము దానిని సోమరితన మని తలచితిమి. పరీక్షలు దగ్గఱపడిన దినములలో నొకనాడు అందఱి యెదుట వానిని నిలువబెట్టి, ‘కడుపునొప్పికి సాక్ష్యము లేదు గనుక నీకు మంచి చుట్టము దొరికినది’ అని యెకసక్కెముగ పలికితిమి. తరగతి యంతయు నవ్వినది. బాలుడును నవ్వెను. ఆ నవ్వు నేటికిని మా కన్నులయెదుట నున్నది.

వాని తండ్రి తెలిసిన చోటికెల్ల తీసికొనిపోయెను. ఒకరు నులిపురుగు లనిరి. ఒకరు పుండన్నారు. ఒకరు ‘నరముల బలహీనత, పెండ్లి చేసిన సర్దుకొనును’ అనిరి. పదునేడవ యేట మధుమేహము బయటపడెను. అప్పుడు తీసిన ఎక్సురేలో వెన్నెముకకు రెండుప్రక్కల తెల్లని చుక్కలు, ఆవాలు చల్లినట్లుగా, కానవచ్చినవట. అవి క్లోమమునందలి రాళ్లు. అప్పటికి రెండెకరములలో ఒక యెకరము పోయినది. చదువు సాగలేదు. ఇన్సులిను కొన్నిదినములు వేయించుకొనుట, కొన్నిదినములు మానుట. 2003లో మేము బాపట్లలో పనిచేయుచుండగా వాడు గతించినట్లు వార్త వచ్చినది. వాని ప్రాయము ఇరువది తొమ్మిదేండ్లు. మేము వారి యింటికి బోయితిమి. తల్లి మమ్ము చూచి, ‘మీ శబ్దాల పుస్తకం దాచుకున్నాడు బాబూ’ అని లోపలినుండి తెచ్చి చేతిలో బెట్టినది. ఆమెతో మేమేమియు ననజాలకపోతిమి.

ఆ రాత్రి బండిలో తిరిగి వచ్చుచు మాకు కలిగిన ప్రశ్న యొకటియే: ఆ బాలుని నొప్పిని నమ్మినవారు లోకమున నెవరైన నున్నారా? ఉన్నారని మాకు పిదప కొన్నేండ్లకు తెలిసినది. మన హైదరాబాదునందే యుండిరి.

డాక్టరు దువ్వూరు నాగేశ్వర రెడ్డిగారు 1956లో విశాఖపట్టణమున జన్మించిరి. కర్నూలు వైద్యకళాశాలలో పట్టము పొంది, మదరాసు వైద్యకళాశాలలోను చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్యసంస్థలోను పైచదువులు ముగించిరి. హైదరాబాదులో నిజాం వైద్యవిజ్ఞానసంస్థయందు పనిచేసిన పిదప, మన గుంటూరు వైద్యకళాశాలలో జీర్ణకోశవ్యాధుల ఆచార్యులుగ నుండిరి. పిమ్మట 1994లో హైదరాబాదునందు జీర్ణకోశవ్యాధులకొఱకే ప్రత్యేకముగ నొక సంస్థను నెలకొల్పిరి. దానికి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ యని పేరు. ఆయన కత్తిపట్టు శస్త్రవైద్యులు గారు. నోటిగుండ గొట్టమువంటి ఎండోస్కోపును పంపి లోపలి నాళములను చూచి, అచ్చటనే చికిత్సచేయు విద్యలో ఆరితేఱినవారు. ఆయనకు కుడిభుజముగ నిలిచిన శస్త్రవైద్యులు డాక్టరు గూడూరు వెంకటరావుగారు. కాయచికిత్స యెఱిగినవాడు శస్త్రచికిత్సకునితో పోట్లాడుట వైద్యలోకమున పరిపాటి. ఇచ్చట ఇరువురును ఒక్క రోగిమంచము కడ నిలిచి పనిచేసిరి. ఆ కలయికయే వారి పరిశోధనమునకు మూలమని మా యభిప్రాయము.

ఆ సంస్థకు వచ్చు క్లోమరోగులలో మద్యమునెఱుగని యువకులు అధికముగ నుండుట చూచి, కారణమేమని వారు అడిగిరి. అదే నగరమున 1977లో ఏర్పడిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమువారు, అనగా గిరిరాజ్ చాండక్, లాల్‌జీ సింగ్ మొదలగు శాస్త్రజ్ఞులు, వారితో చేయి కలిపిరి. రోగుల రక్తమునుండి జన్యువులను తీసి, ఆరోగ్యవంతుల జన్యువులతో సరిపోల్చిరి. పాశ్చాత్యదేశములలో వంశపారంపర్యముగ వచ్చు క్లోమశోథమునకు ట్రిప్సిను జన్యువులోని దోషము కారణమని అంతకుముందు 1996లో తేలియుండెను. మన రోగులలో ఆ దోషము కాక, ఇందాక మేము చెప్పిన కావలివాని జన్యువు, అనగా స్పింక్-1, మార్పుచెందియున్నదని 2002లో వారు ప్రకటించిరి. ఆ మార్పు రోగులందఱియందు లేదు. ఆరోగ్యవంతులలో కొందఱియందును కలదు. కావున అదియొక్కటియే కారణము కాదని వారే చెప్పిరి. 2006లో కాథెప్సిన్-బి అను మఱియొక జన్యువునకును ఈ వ్యాధితో సంబంధము కలదని చూపిరి. పేదరికమే కారణము, తిండియే కారణము అని రోగిని నిందించుట ఇక చెల్లదని దీనివలన తేలినది. మా విద్యార్థి గతించుటకు ఒక సంవత్సరము ముందు వెలువడిన వ్రాతయది. వాని కది యుపకరింపదు, నిజమే. అయినను వాని నొప్పికి సాక్ష్యము దొరికినది.

ఇక రాళ్ల సంగతి. పూడికపడిన కాలువకు మనమేమి చేయుదుము? పూడిక తీయుదుము, లేదా ప్రక్కనుండి మఱియొక కాలువ త్రవ్వుదుము. క్లోమమునకును ఈ రెండు త్రోవలే. మొదటిది హైదరాబాదువారు విస్తారముగ చేసిన పని. మూత్రపిండములలోని రాళ్లను పగులగొట్టు ధ్వనితరంగముల యంత్రము నెఱుగుదురు గదా! దానినే క్లోమపు రాళ్లపై ప్రయోగించి, వానిని ఇసుకరేణువులంతగ చేసి, మిగిలినదానిని ఎండోస్కోపుతో వెలికిదీయుట. ఇట్లు చికిత్స పొందిన 1,006 మంది రోగుల వృత్తాంతమును వారు 2010లో ప్రకటించిరి. అందు 762 మందికి నాళము పూర్తిగ శుభ్రమైనది. 173 మందికి కొంతవఱకు. 71 మందికి ఫలింపలేదు. విఫలమైన డెబ్బదియొక్కరిని దాచక లెక్కలో వ్రాసికొనుట గమనింపుడు. పరీక్షలలో ఉత్తీర్ణులసంఖ్యను మాత్రమే పలకపై వ్రాయు మా పాఠశాలలవారు నేర్చుకొనవలసిన విషయమది.

రెండవది శస్త్రవైద్యుని త్రోవ. నాళమును నిలువుగ చీల్చి, రాళ్లను తీసివేసి, చిన్నప్రేవును దానికి ప్రక్కనుండి కుట్టి, రసము నేరుగ ప్రేవులోనికి బారునట్లు చేయుదురు. 1958లో ప్యూస్టో, 1960లో పార్టింగ్‌టన్, రోచెల్ అను అమెరికా శస్త్రవైద్యులు ఈ పద్ధతికి రూపమొసగిరి. ఈ రెండు త్రోవలలో నేది మేలన్నచో నేటికిని వాదము కలదు. నెదర్లాండ్సు దేశమున 2007లోను, మరల 2020లోను ప్రకటించిన పరీక్షలలో, నాళము పూడి నొప్పితో బాధపడువారికి శస్త్రచికిత్సయే నొప్పిని ఎక్కువగ తగ్గించినట్లు కనబడినది. ఆలస్యము చేయక ముందుగ చేసిన మంచిదని రెండవ పరీక్ష సూచించినది. కత్తిలేని చికిత్స రోగికి సుఖము, మరల చేయించుకొనుట సులభము. కత్తిచికిత్స యొకసారి కష్టము, పిదప నొప్పి తక్కువ. ఏ రోగికి ఏది తగునో, రాయి యెచ్చట నున్నది, నాళమెంత వెడల్పు, గ్రంథి యెంతవఱకు చెడినది యని చూచి నిర్ణయింపవలసినదే గాని, పక్షపాతముచే కాదు. అందుకే శస్త్రవైద్యుడును ఎండోస్కోపు వైద్యుడును ఒక్క కప్పుక్రింద నుండుట రోగికి లాభము.

ఆ యిరువురి ధైర్యమునకు నిదర్శనముగ నొక సంగతి చెప్పి ముందుకు సాగెదము. 2004 ప్రాంతమున, పొట్టపై చర్మమంతయు కాలిన యొక రోగికి ఉండుకమునకు, అనగా అపెండిక్సునకు, శస్త్రచికిత్స కావలసివచ్చినది. పైనుండి కోయుటకు చోటు లేదు. నోటిగుండ ఎండోస్కోపును జీర్ణాశయములోనికి పంపి, దాని గోడకు రంధ్రము చేసి, ఆ త్రోవను ఉండుకమును తొలగించి, మరల రంధ్రమును మూసిరి. పొట్టపై కత్తిగాటు పడలేదు. ఈ వార్త విని ప్రపంచమందలి వైద్యులు ఆశ్చర్యపడిరి. ఆ పద్ధతి ఊరూర వాడుకకు రాలేదు. వచ్చునని వాదించుట మా యుద్దేశమును గాదు. ఉన్న త్రోవ మూసికొనిపోయినప్పుడు చేతులు ముడుచుకొని కూర్చుండక వేఱొక త్రోవను వెదకు బుద్ధిని మాత్రము మీకు చూపుచున్నాము. నాగేశ్వర రెడ్డిగారికి భారతప్రభుత్వమువారు 2002లో పద్మశ్రీని, 2016లో పద్మభూషణును, 2025లో పద్మవిభూషణును ఒసగి గౌరవించిరి.

ఈ యుపన్యాసవిషయము తెలిసి యొకరిద్దరు మిత్రులు, ‘ఆ డాక్టర్లు మన వారా?’ అని మమ్మడిగిరి. కులసంఘము గనుక ఆ ప్రశ్న సహజమే. మేము వారి కులమును విచారింపలేదు. గీవర్గీస్ కేరళీయుడు, క్రైస్తవుడు. బాంటింగు కెనడావాడు. మన బిడ్డ కడుపులోని రాయిని గూర్చి ఆలోచించినవారందఱును మన వారే యని మా లెక్క. మన కులమువారు పదిమందికి మేలు చేసినప్పుడు గర్వింతము. పదిమంది మనకు మేలుచేసినప్పుడు వారి ఋణమును గుర్తింతము. ఈ రెండవది లేనిచో మొదటిదానికి శోభ లేదు.

గత సంవత్సరము మా విద్యార్థి తమ్ముడు తన పదునొకండేండ్ల కుమారుని వెంటబెట్టుకొని తెనాలిలో మా యింటికి వచ్చెను. శబ్దములు నేర్పుమని కోరుటకు వచ్చినాడు. పిల్లవాడు అరుగుపై కూర్చుండి, మేము పాఠము చెప్పుచుండగా, పొట్టపై చేయి వేసికొని ముందుకు వంగెను. మా చేతిలోని పుస్తకము జాఱిపోయినది. భోజనమైన పిదప నొప్పి వచ్చునా, వెన్నులోనికి ప్రాకునా, వంగిన తగ్గునా, బరువు తగ్గినాడా, మలము నూనెవలె నీటిపై తేలునా యని మేము అడిగితిమి. అన్నిటికిని ఔననియే సమాధానము. ఆ సాయంకాలమే వారిని బయలుదేరదీసితిమి. పరీక్షలో నాళమున చిన్నరాళ్లు కనబడినవి. మధుమేహ మింకను రాలేదు. చికిత్స జరిగినది. భోజనముతోడ మింగుటకు జీర్ణరసపు గుళిక లిచ్చిరి. నేడా బాలుడు బడికి పోవుచున్నాడు. రోగము పూర్తిగ పోయినదని వైద్యులు చెప్పలేదు. ఆఱునెలల కొకసారి చూపించుకొమ్మనిరి. పెదతండ్రికి దొరకని ఆఱునెలల గడువులు ఈ పిల్లవానికి దొరకుచున్నవి. అదియే మాకు చాలును.

దాతలారా! ఇక మీతో రెండు మాటలు.

మన సంఘనిధినుండి ఏటేట విద్యార్థివేతనములు ఇచ్చుచున్నాము. సంతోషము. వైద్యవిద్యకు సీటు వచ్చినవానికి ఇచ్చుచున్నాము, ఇంజనీరునకు ఇచ్చుచున్నాము, విదేశమునకు బోవువానికి విమానపు ఖర్చు సైతము ఇచ్చితిమి. పరిశోధనము చేయువానికి ఇంతవఱకు ఒక్క రూపాయి ఇచ్చిన జ్ఞాపకము మాకు లేదు. కార్యవర్గములో నొక పెద్దలు మాతో, ‘పరిశోధనమున ఫలితము వచ్చునో రాదో, ఎప్పుడు వచ్చునో తెలియదు, సీటు వచ్చినవాడు అయిదేండ్లలో డాక్టరగును’ అనిరి. వారి మాట యథార్థము. వారు కష్టార్జితమును దానము చేయువారు, లెక్క యడుగుటకు అర్హులు. వారికి మా సమాధాన మిది. కృష్ణకు ఆనకట్ట కట్టకముందు ఈ నేలలో నీటికి హామీ లేదు. తన చేనికి నీరు మోసికొన్న రైతు ఆ యేటి పంట దక్కించుకొనెను. అది తప్పు కాదు. కాని ఆనకట్టకు కొలతలు గీసినవారు లేనిచో మన తాతలు నేటికిని కావడులు మోయుచుండెడివారు. వైద్యునకు సాయము చేయుట కావడి. పరిశోధకునకు సాయము చేయుట ఆనకట్ట. మనకు రెండును కావలెను. ఇంతవఱకు మనము కావడులు మాత్రమే కొనుచున్నాము.

కావున మా మొదటి విన్నపము: ఏటికొక విద్యార్థి, వైద్యశాస్త్రమునందు గాని జీవశాస్త్రమునందు గాని పరిశోధనము చేయువానికి, చేయుదానికి, మూడేండ్లపాటు వేతనము నిచ్చునట్లు ఈ మహాసభ తీర్మానింపవలెను. ఫలము రానిచో తిరిగి చెల్లింపుమని యడుగరాదు. ఫలము రాలేదని వ్రాసి యిచ్చినను దానిని ఫలముగనే స్వీకరింపవలెను. డెబ్బదియొక్కరిని లెక్కలో జేర్చినవారిని తలచుకొనుడు. రెండవ విన్నపము: మన సంఘము నడుపు వసతిగృహములలోని పిల్లలను ఏటికొకసారి వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. నెలలో రెండుమూడు మారులు కడుపునొప్పి యని చెప్పు బాలుని బాలికను బద్ధకస్థులని తలపక, ముందుగ వైద్యునికడకు పంపవలెను. నొప్పి యబద్ధమైనచో పోయినది ఒక పూట బడి. నిజమైనచో దక్కునది ఒక ప్రాణము.

ఆ వేతననిధికి మా వంతుగ 1,00,000 రూపాయలు, మేము దాచుకొన్న పింఛనునుండి, ఈ వేదికమీదనే కోశాధికారిగారికి సమర్పించుచున్నాము. నిధికి మా పేరు పెట్టవలదు. ఆ బాలుని పేరును పెట్టవలదు. వాని తల్లి జీవించియున్నది, ఊరూర తన కుమారుని రోగము చెప్పుకొనుట ఆమెకు ఇష్టము కాదు. దాత లెవరైన తమ తలిదండ్రుల పేరు పెట్టదలచినచో సంతోషముగ పెట్టుకొనవచ్చును. వేతనము పొందిన మొదటి విద్యార్థి మాత్రము ఒకసారి తెనాలిలో మా యింటికి రావలెనని కోరుచున్నాము. వాని కిచ్చుటకు మాకడ నొక శబ్దముల పుస్తకము కలదు.